పరుగెత్తు పగులునకు ఛాయాచిత్రము

గాజుపలక పగులుట అందరును చూచినదే. కాని పగులు నడచుట చూచినవారు లేరు. చప్పుడు విని తల త్రిప్పుసరికి పలక రెండు ముక్కలై యుండును. అందుచేత చాలకాలము శాస్త్రజ్ఞులు కూడ విరిగిన అంచులను పరీక్షించి, జరిగినదానిని ఊహించుచు వచ్చిరి.

చలనచిత్రపు కెమేరా ఇందుకు చాలదు. అది సెకండునకు 24 బొమ్మలు తీయును. రెండు బొమ్మల నడుమ పగులు 60 మీటర్లకు పైగా పోగలదు! ఫిల్మును మరీ వేగముగ త్రిప్పినచో చిరిగిపోవును. 1929లో జర్మనీలో క్రాంజ్, షార్డిన్ అనువారు ఫిల్మును కదలింపకయే ఈ చిక్కు విడదీసిరి. వారు విద్యుత్తుతో మెరయు నిప్పురవ్వలను కొన్నింటిని అమర్చి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క కటకమును ఏర్పరచిరి. రవ్వలు ఒకదాని వెంట నొకటి మెరయగా, కదలని ఒకే ఫలకముపై వేర్వేరు చోట్ల బొమ్మలు పడెను. మెరుపుల నడుమ కాలము తెలియును. పగులు కొన ఎంత జరిగినదో కొలువవచ్చును. తక్కిన లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థి చేయగలిగినదే. సెకండులో లక్షవ వంతు కాలములో కొన 1.5 సెంటిమీటరు జరిగినచో, వేగము సెకండునకు 1,500 మీటర్లు.

1930 దశకములో షార్డిన్ గాజుపై చేసిన కొలతలలో సుమారు ఈ వేగమే తేలెను. వింత యేమనగా, బలము పెంచినను ఈ హద్దు దాటలేదు. పగులు వేగము హెచ్చుటకు మారుగా కొమ్మలుగా చీలెను.

ఇది గాజుతో ముగియు ముచ్చట కాదు. 1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండులో, నిశ్చలమైన నీటిలో కట్టియున్న షెనెక్టడీ అను క్రొత్త చమురునౌక ఒక్కసారిగా నడుమకు పగిలెను. రివెట్లు కొట్టిన ఓడలో ఒక పలకలోని పగులు ఆ పలక అంచున ఆగుటకు వీలుండెడిది. వెల్డింగు చేసిన ఓడలో ఆ అడ్డు లేదు. కనుక వేగముతోపాటు, కొన చుట్టును బలము ఎట్లు పోగగుచున్నదో తెలియవలసివచ్చెను. 1958లో వెల్స్, పోస్ట్ అనువారు పారదర్శకమైన ప్లాస్టిక్ పలకను లాగి చీల్చుచు, ధ్రువిత కాంతిలో షార్డిన్ పద్ధతినే ఛాయాచిత్రములు తీసిరి. పగులు కొన చుట్టును నల్లని చారలు ఉచ్చులవలె ఏర్పడెను. ఆ ఉచ్చుల పరిమాణమును, వంపును బట్టి కొనవద్ద బలతీవ్రతను లెక్కింపవచ్చునని ఇర్విన్ చూపెను.

ఉక్కు పారదర్శకము కాదు గదా! 1980 దశకములో దక్షిణ కరొలినా విశ్వవిద్యాలయమువారు వస్తువుపై రంగుచుక్కలు చల్లి, సాగుటకు ముందు, తరువాత తీసిన బొమ్మలను కంప్యూటరుచే పోల్పించు పద్ధతిని పెంపొందించిరి. దీనితో పగులు పెదవులు ఎంత ఎడమైనవో, బొమ్మలోని ఒక గడిలో నూరవ వంతు వరకును తెలియగలదు. అయితే చుక్కలు చెప్పునది పైపొర సంగతియే. పలక లోపల పగులు అంచు ఎట్లు వంగినదో ఆ కెమేరాకు కనబడదు.