దస్త్రం ఎవరి చంకలో?

పట్వారీ దస్త్రం అనగానే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పెద్దవాళ్లకు ఒక బట్టమూట కళ్లముందు మెదులుతుంది. భూమి ఎవరిది, శిస్తు ఎంత, ఏ పంట వేశారు, అంతా అందులోనే. పొలం దున్నేది ఒకరు, పహాణీలో పేరు ఇంకొకరిది. ఆ సంగతి దున్నేవాడికి తెలిసేది ఎప్పుడయ్యా అంటే, బేదఖలు అయిన రోజున.

సమాచార హక్కు చరిత్ర చెప్పేవాళ్లు స్వీడన్‌తో మొదలుపెడతారు. 1766లో అక్కడ పత్రికా స్వేచ్ఛతో పాటు సర్కారు కాగితాలు చూసే హక్కునూ ఒకే చట్టంలో పెట్టారు. మనం మొదలుపెట్టాల్సింది మాత్రం ఈ బట్టమూట దగ్గర్నుంచే అనిపిస్తుంది. నిజాం రాజ్యంలో 1880ల దాకా సర్కారు భాష ఫారసీ, తర్వాత ఉర్దూ. రైతు మాట్లాడేది తెలుగు. కాగితం చేతికిచ్చినా ఏం చేసుకుంటాడు? నలుగురు కూడి మాట్లాడుకుందామంటే గస్తీ నిషాన్ 53 అడ్డం, సభకు ముందే అనుమతి కావాలి. 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన రెండో ఆంధ్ర మహాసభ జరిగింది ఆ ఆంక్షల మధ్యనే.

సాయుధ పోరాటం రోజుల్లో నల్లగొండ రైతులు గడీల మీద పడ్డప్పుడు ధాన్యమే కాదు, అప్పు పత్రాలు కూడా బయటికి లాగి తగలబెట్టారు. దాన్ని ఒట్టి ఆవేశంగా రాసేస్తుంటారు. ఏం రాసిండో తెలియని కాగితంతో మనిషి ఇంకేం చేస్తాడు?

1980ల మధ్యలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. దస్త్రం మండలాఫీసు బీరువాలోకి చేరింది. తాళం మారింది, అంతే.

అసలు మలుపు 2005, 2006లలో వచ్చింది. 2005 అక్టోబర్ 12న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు. నాలుగు నెలలకు, 2006 ఫిబ్రవరి 2న, ఉపాధి హామీ పథకం మొదలైంది. తొలి విడత జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. ఆ చట్టం 17వ సెక్షన్ పనుల మీద సామాజిక తనిఖీ చేసే బాధ్యతను గ్రామసభకు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని నిజంగానే పట్టించుకుంది. 2009లో తనిఖీ కోసం ప్రత్యేక సంస్థనే పెట్టింది.

ఆ తనిఖీ చూసినవాళ్లకు తెలుసు. కూలీల ఇళ్ల నుంచే వచ్చిన చదువుకున్న పిల్లలు మస్టర్ రోల్ పట్టుకొని గడపగడపకూ పోతారు. "అవ్వా, ఎన్ని దినాలు పనికి పోయినవు? ఎంత ముట్టింది?" అని అడుగుతారు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. అధికారులు కూర్చుని ఉండగా పేర్లు బిగ్గరగా చదువుతారు. చనిపోయిన మనిషి చెరువు పూడిక తీసినట్టు, ముంబైకి వలసపోయినాయన అదే వారం ఊర్లో మట్టి మోసినట్టు బయటపడేది ఇట్లాంటి చోట్లనే. అక్షరం రాని అవ్వ కూడా తన పేరు పక్కన ఏం రాశారో చెవులతో వింటుంది. రాబట్టిన సొమ్ము పోయినదాంట్లో కొంచెమే, నిజమే. అయినా దస్త్రం ఊరి నడుమ విప్పడం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు అంతర్జాతీయ కొలతల మాట. దేశాల సమాచార చట్టాలకు 61 అంశాల మీద 150 మార్కులు వేసే పట్టిక ఒకటి 2011లో మొదలైంది. అప్పుడు ఇండియా మొదటి పది దేశాల్లో ఉంది. గర్వపడొచ్చు. కాకపోతే ఆ మార్కులు చట్టం పాఠానికి, అమలుకు కాదు. సమాచారం స్థానిక భాషలో ఇవ్వడాన్ని పట్టించుకోవాలని మన చట్టం 4వ సెక్షన్‌లోనే ఉంది. మండలాఫీసు గోడ మీది బోర్డు దాటి అది ఎంత దూరం పోయిందో ఆ పట్టిక చెప్పదు.

ఇంకోటి కూడా చెప్పదు. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేరు. 2025 మేలో గానీ కొత్తవాళ్లు రాలేదు. చట్టంలో కమిషన్ ఉంది కాబట్టి మార్కుకు ఢోకా లేదు. అన్నాళ్లూ రెండో అప్పీలు పంపినవాళ్ల చేతిలో మిగిలింది పోస్టాఫీసు రసీదు.