పండరీపురం నుంచి పరాయి మట్టికి

పాండురంగడి ఊళ్లో పుట్టినవాడు పరాయి దేశపు శ్మశానంలో నిద్రపోతున్నాడు. 1915లో పండరీపురంలో పుట్టిన చిత్రకారుడు మక్బూల్ ఫిదా హుస్సేన్ 2011 జూన్ 9న లండన్ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఎనభై ఏళ్లు వచ్చేదాకా ఆయన్ను నెత్తిన పెట్టుకున్న దేశం ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిప్పింది, ఇంటి మీదికి గుంపులు వస్తుంటే చూస్తూ ఊరుకుంది, చివరికి సరిహద్దు దాటించింది. దేవుడి పేరు చెప్పి ఒకరి మనసు నొచ్చుకుంటే మరొకరి మాటకు ఎంతవరకు కళ్లెం వేయవచ్చునన్న ప్రశ్న ఈ దేశంలో పాతదే. ఆ ప్రశ్న ఒక మనిషి బతుకును ఎలా నమిలేసిందో హుస్సేన్ కథలో కనిపిస్తుంది.

ఏడాదిన్నర వయసులోనే తల్లి పోయింది. ఆమె ముఖం ఆయనకు గుర్తు లేదు. తర్వాతి కాలంలో ఆయన గీసిన మదర్ థెరెసాకు ముఖం లేకపోవడానికి ఆ లోటే కారణమంటారు. ఇందోర్‌లో పెరిగి, బొంబాయి చేరి, పొట్టకూటికి సినిమా హోర్డింగులు రాసిన కుర్రాడు 1947లో సూజా, రజా వంటి చిత్రకారులతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్‌లో నిలబడ్డాడు. చెప్పుల్లేని కాళ్లు, తెల్లటి గడ్డం, చేతికర్రంత పొడవైన కుంచె, కట్లు తెంచుకున్న గుర్రాలు: బొమ్మల ఊసు తెలియని ఇళ్లలోకి కూడా ఆయన పేరు చేరింది. 1971లో సావ్ పాలో బైనాలేకు పికాసోతో పాటు ఆయన్నూ ఆహ్వానించారు. పద్మశ్రీతో మొదలైన గౌరవాలు 1991లో పద్మ విభూషణ్ దాకా వచ్చాయి. 1986లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఎమర్జెన్సీ రోజుల్లో ఇందిరను దుర్గగా గీసి, ఆయన్ను ప్రేమించినవారి చేతనే మాట పడ్డారు. అయినా ఆ మాట మాటగానే మిగిలింది. ఎవరూ ఆయన ఇంటి మీదికి రాలేదు.

ఈ కథలో హైదరాబాద్‌కు గొప్ప చోటుంది. టాటా బిర్లాల ఇళ్లలో వేలాడే బొమ్మలతో సరిపెట్టుకోకు, ఈ దేశపు ఊళ్లలో బతికే రామాయణాన్ని గియ్యి అని సోషలిస్టు నేత రామ్‌మనోహర్ లోహియా ఆయనతో అన్నారట. లోహియా పోయాక ఆ మాట నిలబెట్టడానికి హుస్సేన్ హైదరాబాద్ వచ్చారు. లోహియా శిష్యుడు బద్రీవిశాల్ పిట్టీ ఇంట ఉండి, ఏళ్ల తరబడి రామాయణ చిత్రాలు గీశారు. వాల్మీకినీ తులసీదాసునూ చదివారు, పండితులతో కూర్చుని చర్చించారు. అప్పుడు కొందరు ఛాందస ముస్లింలు ఇస్లాం గురించి ఎందుకు గీయవని నిలదీశారని ఆయనే చెప్పుకున్నారు. తర్వాత ఇదే నగరంలో సినిమా ఘర్ పేరుతో తన మ్యూజియం పెట్టుకున్నారు. రాముణ్ణి, సీతను, హనుమంతుణ్ణి అంత ప్రేమతో వెతుక్కున్న చేతిని సీతమ్మ పేరుతోనే దోషిగా నిలబెడతారని అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు.

1970 ప్రాంతంలో ఆయన సరస్వతిని నగ్నంగా, నాలుగు గీతల్లో గీశారు. ఇరవై ఆరేళ్లు ఆ బొమ్మ వల్ల ఎవరి భక్తీ తగ్గలేదు. 1996లో భోపాల్ నుంచి వచ్చే ఒక హిందీ పత్రిక దాన్ని అచ్చువేసి, ఇతను చిత్రకారుడా కసాయా అని అడిగింది. అక్కడి నుంచి కేసుల వరద మొదలైంది. అదే ఏడాది అక్టోబరులో అహ్మదాబాద్ గ్యాలరీలోకి ఒక గుంపు చొరబడి ఆయన చిత్రాలను, నేత తెరలను నాశనం చేసింది. 1998లో, ఈసారి సీత బొమ్మ పేరు చెప్పి, ముంబయిలో ఆయన ఇంటి మీద దాడి చేశారు. ఆయన క్షమాపణ చెప్పినా దాడి చేసినవాళ్ల కోపం చల్లారలేదు.

మనసు నొచ్చుకునే హక్కు ఒక మతం సొత్తు కాదని 2004లో తేలింది. హైదరాబాద్, జైసల్మేర్, ప్రాగ్ నగరాల చుట్టూ అల్లిన ఆయన సినిమా ‘మీనాక్షి’లో ఒక పాటలో ఖురాన్ మాటలు వాడారని ముస్లిం సంస్థలు మండిపడ్డాయి. సినిమాను హాళ్ల నుంచి తీసేశారు. ఒకవైపు సరస్వతి, మరోవైపు ఖురాన్. నడుమ తొంభైకి చేరువైన మనిషి.

2006లో కశ్మీర్ భూకంప బాధితుల కోసం వేలానికి పెట్టిన ఒక చిత్రం ప్రకటన పత్రికలో వచ్చింది. భారతదేశ పటం ఆకారంలో నగ్న స్త్రీ. దానికి ‘భారత మాత’ అన్న పేరు తాను పెట్టలేదని హుస్సేన్ అన్నారు, మన్నించమన్నారు, చిత్రాన్ని వెనక్కు తీసుకున్నారు. అప్పటికి ఆయన తలకు కోట్లలో వెల కట్టారు. హరిద్వార్ కోర్టు ఆస్తుల జప్తుకు ఆదేశించింది. ఊరూరా కేసులు, సమన్లు. ఆయన దేశం విడిచి దుబాయ్, లండన్‌ల మధ్య బతికారు.

న్యాయం ఆయన వైపే తీర్పు చెప్పింది. 1927లో, లాహోర్‌లో ప్రవక్తను కించపరిచిన పుస్తకం రేపిన గొడవల తర్వాత, తెల్లదొరలు శిక్షాస్మృతిలో 295ఎ సెక్షన్ చేర్చారు. దాని ప్రకారం ఎవరికో బాధ కలగడం ఒక్కటే నేరానికి చాలదు. కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానించి ఉండాలి. సుప్రీంకోర్టు 1957లోనే ఈ గీతను స్పష్టంగా గీసింది. 2008 మే 8న ఢిల్లీ హైకోర్టులో జస్టిస్ సంజయ్ కిషన్ కౌల్ హుస్సేన్ మీది కేసులు కొట్టేస్తూ, తొంభై ఏళ్ల చిత్రకారుడు తన ఇంట్లో తన బొమ్మ గీసుకుంటూ ఉండాల్సినవాడని అన్నారు. సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. కానీ ఆ ఏడాదే ఢిల్లీలో జరిగిన ఆర్ట్ సమ్మిట్‌లో గొడవ భయంతో ఆయన చిత్రం ఒక్కటీ పెట్టలేదు. కోర్టు గెలిపించిన మనిషిని వీధి ఓడించింది. ప్రభుత్వంలోని పెద్దలు రక్షణ ఇస్తామని అన్నప్పటికి ఆలస్యమైపోయింది. 2010లో కతార్ ఇచ్చిన పౌరసత్వం తీసుకుని, భారత పాస్‌పోర్టును దోహాలోని మన రాయబార కార్యాలయంలో అప్పగించారు. చివరి ఏళ్లలో కూడా ఆయన భారతీయ నాగరికత మీద గీస్తూనే ఉన్నారు.

నొచ్చుకున్నవారి మాట కూడా వినాలి. ముస్లిం స్త్రీలకు నిండుగా బట్టలు కట్టినవాడు హిందూ దేవతలను మాత్రం నగ్నంగా ఎందుకు గీశాడన్న ప్రశ్న పూజ గదిలో సరస్వతికి దీపం పెట్టే గృహిణి నోట వస్తే అందులో నిజమైన బాధ ఉంది. ఆమెను మూర్ఖురాలనడం తప్పు. నగ్నత్వం నిర్మలత్వానికి గుర్తని హుస్సేన్ చెప్పిన జవాబుకు రామప్ప గుడి మదనికలు, ఆలంపురం లజ్జాగౌరి సాక్ష్యం పలుకుతారు. ఆ జవాబు ఆమెకు రుచించకపోవచ్చు. ఆమె ఆ బొమ్మను అసహ్యించుకోవచ్చు, ఉత్తరం రాయవచ్చు, ధర్నా చేయవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. కానీ గ్యాలరీలో చొరబడి విధ్వంసం చేసినవాడు ఆమె బాధను అరువు తెచ్చుకున్నాడు. ఆమె భక్తికీ అతడి కర్రకూ తేడా తెలియనట్టు నటించిన ప్రభుత్వాలు ఇద్దరికీ అన్యాయం చేశాయి.

చనిపోయాక కూడా కేసులు ఆయన్ను వదల్లేదు. 2025 జనవరిలో ఢిల్లీ కోర్టు ఒకటి ఆయన గీసిన రెండు బొమ్మలను స్వాధీనం చేసుకోమంది. రెండు నెలలు తిరక్కుండానే ఆయన 1954 నాటి ‘గ్రామయాత్ర’ న్యూయార్క్ వేలంలో దాదాపు 118 కోట్ల రూపాయలకు అమ్ముడైంది. మన పల్లెలు నిండిన ఆ బొమ్మకు అంత వెల పలికిందని మనమూ గర్వపడ్డాం. ఆ గర్వానికి మనకు అర్హత ఉందా?

మాటకు హద్దు ఉండాలి. మనుషుల మీదికి మనుషులను ఉసిగొల్పే మాట శిక్షార్హం. ఆ హద్దును చట్టం గీయాలి, సాక్ష్యం చూసి న్యాయమూర్తి తేల్చాలి. ఎవరి గుంపు పెద్దదో వారి కోపమే హద్దయితే, ఈ రోజు చిత్రకారుడి వంతు వస్తుంది, రేపు నొచ్చుకున్న గృహిణి వంతే వస్తుంది. తీర్పు వచ్చాక దాన్ని అమలు చేసి, గెలిచిన మనిషిని ఇంటికి తెచ్చి, గుమ్మం దగ్గర కాపలా నిలబడటం ప్రభుత్వం పని. హుస్సేన్ విషయంలో మన ప్రభుత్వాలు ఆ పని చేయలేదు, మనం గట్టిగా అడగలేదు. తర్వాతి మనిషికైనా అడగాలి, అతడి బొమ్మ మనకు నచ్చకపోయినా సరే.