ఒంటి చేతి గురి

పిస్తోలు పేల్చుటకు ఒక చేయి మేలా, రెండు చేతులు మేలా? ఈ చిన్న ప్రశ్న వెనుక నాలుగు వందల యేండ్ల చరిత్ర కలదు.

పదునారవ శతాబ్దమున ఐరోపాలో పిస్తోలు ముఖ్యముగా రౌతుల ఆయుధము. ఒక చేత కళ్ళెము పట్టినవానికి పేల్చుటకు రెండవ చేయి ఒక్కటియే మిగులును గదా! తరువాతి కాలమున ద్వంద్వయుద్ధములకు దిగినవారును, ప్రత్యర్థికి దేహము సన్నగా కనబడునట్లు ప్రక్కకు తిరిగి, ఒక చేయి చాచియే పేల్చిరి. అవసరము ఆచారమయ్యెను, ఆచారము క్రీడలో నియమమయ్యెను. నేటికిని ఒలింపిక్సు పిస్తోలు పోటీలలో రెండవ చేయి తగులరాదు. మణికట్టునకు ఆధారమును ఉండరాదు.

రెండు చేతులలో నిలకడ హెచ్చనుట నిజమే. చాచిన ఒంటి చేయి ఊపిరికి, గుండె కొట్టుకొనుటకు సయితము కదలును. మీట నొక్కు వ్రేలు ఆయుధమును ప్రక్కకు లాగును. రెండవ చేయి ఈ కదలికను తగ్గించి, పేలినపుడు కలుగు అదటును పంచుకొనును. 1959లో కాలిఫోర్నియా పోటీలలో జాక్ వీవర్ అను పోలీసు ఉద్యోగి రెండు చేతులతో పేల్చి గెలిచెను. కుడిచేయి ముందునకు నెట్టగా, ఎడమచేయి వెనుకకు లాగును. ఆ బిగువే ఆ పద్ధతికి ప్రాణము. జెఫ్ కూపర్ దానికి ప్రచారము కలిగించెను. క్రమముగా పోలీసు శిక్షణలో రెండు చేతుల పట్టు స్థిరపడెను.

అట్లయిన క్రీడలో పాత నియమమేల? ప్రాణాపాయమున ఉన్నవానికి కావలసినది సులువు. క్రీడకు కావలసినది పరీక్ష. పది మీటర్ల పోటీలో పది గుణములు తెచ్చు వలయము అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లే. దానిని ఒంటి చేత కొట్టుటకు దేహమును, మనస్సును కూడ నిలుపవలెను.

ఆ నియమము ఒకనికి వరమైనది. హంగేరీ సైనికుడు కారొలీ టకాచ్ కుడిచేతి వాటపు గురికాడు. 1938లో గ్రెనేడు ప్రేలి ఆ చేయి చెడిపోయెను. ఆయన రహస్యముగా ఎడమచేతితో సాధన చేసెను. యుద్ధము వలన 1940, 1944 క్రీడలు జరుగలేదు. 1948లో లండనులో, ముప్పది యెనిమిదేండ్ల వయస్సున, 600కు 580 గుణములతో ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణపతకము నందెను. 1952లో హెల్సింకీలో మరల గెలిచెను. ఎడమచేతను బాణము వేయగలిగిన అర్జునుని మనము సవ్యసాచి యంటిమి. టకాచ్‌కు మిగిలినది ఆ యెడమచేయి ఒక్కటియే. రెండు చేతుల పట్టు నియమమైయుండిన, ఆ మైదానమున ఆయనకు చోటెక్కడ?

2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో నాలుగు పతకములు తెచ్చిన మన హైదరాబాదు యువతి ఈషా సింగ్ కూడ ఒంటి చేతనే గురి నిలిపెను. ఏ చేయి మేలను ప్రశ్నకు రక్షణమున ఒక సమాధానము, క్రీడలో వేరొకటి. రెండును సరియైనవే.