ఒక్క బోల్టూ బిగించని ఆఫీసు

వాషింగ్టన్‌లో సోమవారం ఉదయం. అమెరికా నౌకాదళం ‘స్పెషల్ ప్రాజెక్ట్స్ ఆఫీసు’లోని హాల్లో గోడల నిండా రంగురంగుల చార్టులు. విభాగాల అధికారులు తమ పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాల్సిన వేళ. పని పరిస్థితికి అక్కడ నాలుగే మెట్లు: బాగుంది, చిన్న లోపం, పెద్ద లోపం, ప్రమాదం. ఎవరి పని ఏ మెట్టు మీదుందో వారం వారం తేలిపోవాల్సిందే. వినేది రియర్ అడ్మిరల్ విలియం రాబోర్న్.

నీటి అడుగున దాగిన జలాంతర్గామి నుంచి అణుక్షిపణిని ప్రయోగించాలి. 1955 చివర్లో రాబోర్న్‌కు అప్పగించిన పని అది. అప్పటికి అలాంటి క్షిపణి లేదు, దాన్ని మోసే జలాంతర్గామీ లేదు. మొదట సైన్యంతో కలిసి ద్రవ ఇంధనంతో నడిచే జూపిటర్‌ను తయారు చేద్దామనుకున్నారు. అంత ప్రమాదకరమైన ఇంధనాన్ని కడుపులో పెట్టుకుని సముద్రంలో తిరగడమెలా? 1956 చివరికి ఆ దారి వదిలేసి, ఘన ఇంధనంతో నడిచే పోలారిస్ వైపు మళ్లారు.

నౌకాదళాధిపతి ఆర్లీ బర్క్ రాబోర్న్ చేతికి ఒక ఉత్తరం ఇచ్చాడు. ఏ విభాగం నుంచైనా కావలసిన సాయం అడగొచ్చు, ఎక్కడైనా పని ఆగితే వెంటనే తనకే చెప్పొచ్చు అన్నది దాని సారాంశం. ఆ ఉత్తరానికి ‘వేట లైసెన్సు’ అని పేరు పడింది.

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. వాషింగ్టన్‌కు చెమటలు పట్టాయి. 1963 నాటికి చాలనుకున్న పోలారిస్ 1960కల్లా సిద్ధం కావాలన్నారు. గడువులో మూడేళ్లు ఎగిరిపోయాయి.

రాబోర్న్ దగ్గర రిపోర్టులకు కొదవ లేదు. ఎంత ఖర్చయింది, ఎంత పని అయింది అన్నీ వాటిలో ఉండేవి. రేపు ఏది ఆలస్యమవుతుంది, దాని వెనక ఇంకేవి ఆగిపోతాయి అన్నది మాత్రం కనిపించేది కాదు. ఆ లోటు తీర్చే పని విల్లర్డ్ ఫాజర్ నడిపే మూల్యాంకన విభాగానికి వచ్చింది. 1958 జనవరిలో నౌకాదళం, బూజ్ అలెన్ హామిల్టన్, లాక్‌హీడ్ మనుషులు ఒక బృందంగా కూర్చున్నారు. అక్కడే ‘పెర్ట్’ అనే ప్రణాళికా పద్ధతి పుట్టింది.

దాని గుట్టంతా ప్రశ్న అడిగే తీరులో ఉంది. ఇంజినీరును ‘ఎప్పటికవుతుంది?’ అని ఒక్క తేదీ అడిగితే, ఆ తేదీ మాట ఇచ్చినట్టవుతుంది. భయస్తుడు ఎక్కువ చెబుతాడు, మెప్పు కోరేవాడు తక్కువ చెబుతాడు. అందుకని మూడు ప్రశ్నలు పెట్టారు. వాల్వు పరీక్షలాంటి పని ఒకటి ఉందనుకుందాం.

“అన్నీ కలిసొస్తే?”

“నాలుగు వారాలు.”

“మామూలుగా అయితే?”

“ఆరు.”

“అన్నీ ఎదురుతిరిగితే?”

“పద్నాలుగు.”

మధ్య అంకెను నాలుగుతో హెచ్చించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తారు. నలభై రెండును ఆరుతో భాగిస్తే ఏడు వారాలు. ఆరు అన్న నోటితోనే మనసులో దాచుకున్న భయమూ బయటికొచ్చింది. ఇలాంటి పనులన్నింటినీ గీతలతో కలిపి చూస్తే, ఏ దారి అన్నిటికన్నా పొడవో తెలుస్తుంది. ఆ దారిలో ఒక వారం జారితే ప్రాజెక్టు మొత్తం వారం జారుతుంది. తక్కినచోట కాస్త జారినా నిలదొక్కుకోవచ్చు.

క్షిపణి మాత్రం చార్టుల మాట వినలేదు. 1958 సెప్టెంబరులో మొదలైన పరీక్షల్లో మొదటి ఐదూ విఫలమయ్యాయి. ఆరోది 1959 ఏప్రిల్‌లో గెలిచింది. జలాంతర్గామిని కొత్తగా కట్టే వ్యవధి లేక, నిర్మాణంలో ఉన్న ఒకదాన్ని మధ్యకు కోసి పదహారు క్షిపణుల భాగాన్ని అతికించారు. అదే జార్జ్ వాషింగ్టన్. 1960 జులై 20న కేప్ కెనవరాల్ దగ్గర నీటి అడుగు నుంచి రెండు క్షిపణులు వదిలింది. రెండూ గురి చేరాయి. నవంబరులో తొలి గస్తీకి బయల్దేరింది.

ఈ విజయంలో పెర్ట్ పేరు మారుమోగింది. దాని వల్ల రెండేళ్లు కలిసొచ్చాయన్న ప్రచారం జరిగింది. రాబర్ట్ మెక్‌నమారా రక్షణ మంత్రిగా ఉన్న రోజుల్లో, 1962లో, రక్షణ శాఖ, నాసా కలిసి పెర్ట్‌ను ఖర్చులకూ వర్తింపజేస్తూ మార్గదర్శిని తెచ్చాయి. కాంట్రాక్టర్లకూ అధికారులకూ నేర్పేందుకు వాషింగ్టన్‌లో ప్రత్యేక శిక్షణ కేంద్రమే వెలిసింది.

తెర వెనక కథ 1972లో వచ్చింది. హార్వే సపోల్‌స్కీ అనే పరిశోధకుడు పోలారిస్ చరిత్రను తవ్వి పుస్తకం రాశాడు. కాంట్రాక్టర్లు పెర్ట్‌ను ఇష్టపడలేదని, ఆఫీసులోని సాంకేతిక విభాగాలే దాన్ని పెద్దగా నమ్ముకోలేదని తేల్చాడు. మరి ఆ చార్టులు చేసిన మేలేమిటి? బయటివాళ్లను దూరంగా ఉంచడం! ఇంత ఆధునిక పద్ధతిలో నడిచే ఆఫీసులో వేలు పెట్టడానికి అమెరికా కాంగ్రెస్ సభ్యులకూ పైశాఖలకూ ధైర్యం చాలలేదు. ఆ నీడలో ఇంజినీర్లు తమ పని తాము చేసుకున్నారు.

అయితే అంతా బూటకమేనా? కాదని చెప్పే సాక్ష్యం లండన్‌లో ఉంది. 1962 డిసెంబరులో బహామాస్‌లోని నసావు పట్టణంలో కుదిరిన ఒప్పందంతో పోలారిస్ క్షిపణులు బ్రిటన్‌కూ దక్కాయి. బాధ్యత రియర్ అడ్మిరల్ హ్యూ మెకెంజీది. ఆయన అమెరికన్ల నుంచి చార్టులు మాత్రమే ఎత్తుకురాలేదు, ఆఫీసునే నమూనాగా తీసుకున్నాడు. శాఖల మధ్య చెదిరిన పనికి ‘పోలారిస్ ఎగ్జిక్యూటివ్’ అనే ఒకే కేంద్రం, దానికి ఒకే బాధ్యుడు, వాషింగ్టన్‌తో నిత్యం మాట్లాడే అనుసంధాన అధికారులు. 1966లో స్కాట్లాండ్‌లోని ఫాస్‌లేన్‌లో సిబ్బందికి పోలారిస్ స్కూలు తెరిచారు. బ్రిటన్ జలాంతర్గామి రిజల్యూషన్ 1968 ఫిబ్రవరిలో క్షిపణి ప్రయోగించి, అనుకున్నట్టే ఆ జూన్‌లో గస్తీకి వెళ్లింది.

ఇవాళ హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ‘పీఎంవో’ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఆఫీసు) అంటే తెలియనివాళ్లు తక్కువ. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తుల రిపోర్టులు ఆ సోమవారపు నాలుగు మెట్లకు దగ్గరి చుట్టాలే. మూడంచనాల లెక్క శిక్షణలో అరగంట పాఠం. ఎరుపు కనబడగానే ఎవరు కదలాలి, ఎవరికి చెప్పే హక్కుంది అన్నదే అసలు పాఠం. ఎరుపు చూపినవాణ్ని నిలదీసే చోట నెల తిరక్కుండా ఆ రంగు మాయమవుతుంది, ఆలస్యం మాత్రం అలాగే ఉంటుంది. కొత్తగా పీఎంవో పెట్టేవాళ్లు సాఫ్ట్‌వేర్ కొనేముందు, పైవాళ్ల చేత బర్క్ ఉత్తరం లాంటిదొకటి రాయించుకోవడం మేలు.