రెండవ స్థానం

2024 జూలైలో జగ్గయ్యపేటలో మేము నలుగురు విశ్రాంతోపాధ్యాయులం కలిసినప్పుడల్లా ఒకటే చర్చ. ట్రంపు ఉపాధ్యక్ష పదవికి తన జోడుగా ఎవరిని ఎంచుకొంటాడు? రూబియో అని ఒకరు, బర్గమ్ అని ఇంకొకరు, వాన్స్ అని మరొకరు. ఆ నెల 15న, మిల్వాకీలో మహాసభ మొదలైన నాడే, వాన్స్ పేరు వెలువడినది. ఆయన అర్ధాంగి ఉష పుట్టినింటివారు చిలుకూరివారని తెలిసి, "కోదాడ పక్క చిలుకూరు మనకెంత దూరం మాస్టారూ!" అని ఒక మిత్రులు మురిసిపోయారు.

ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ నుండి వచ్చినవే. కాని హైదరాబాదు చెంత బాలాజీ వెలసిన చిలుకూరూ ఉన్నది కదా! ఆమె పూర్వీకుల గ్రామమని పత్రికలు వ్రాసినది పశ్చిమ గోదావరిలోని వడ్లూరు. మిత్రుల ఉత్సాహం తగ్గలేదు. "ఏ ఊరైతేనేమి, మన పిల్లే" అన్నారు.

ఆ 'మన' అన్న మాట నన్ను 1969కి, నందిగామలో మా పెదనాన్నగారి అరుగు మీదికి తీసుకొనిపోయినది. నాకప్పుడు ఎనిమిదేండ్లు. మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించగా ఉపరాష్ట్రపతి వి.వి. గిరి ఆ బాధ్యత స్వీకరించారు. అంతకు ముందు రాధాకృష్ణన్, జాకీర్ హుస్సేన్ ఇద్దరూ ఉపరాష్ట్రపతులుగా ఉండి పైమెట్టు ఎక్కినవారే. ఈసారి కాంగ్రెసు అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డిని నిలిపినది. గిరి రాజీనామా చేసి స్వతంత్రునిగా పోటీకి దిగారు. ఒకరిది గంజాం సీమ బరంపురం, ఒకరిది అనంతపురం సీమ. ఇద్దరూ తెలుగువారే.

రేడియో చుట్టూ చేరిన పెద్దలకు ఎటు మొగ్గాలో తోచలేదు. "ఇద్దరూ మనవాళ్ళేనర్రా! ఇక గుణం చూడక తప్పదు" అన్నారు పెదనాన్నగారు. ఆగస్టు 20న లెక్కింపులో మొదటి ప్రాధాన్యపు ఓట్లతో ఎవరికీ ఆధిక్యం రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు గిరిని గెలిపించాయి.

రెండవ స్థానాన్ని లోకం చిన్నచూపు చూస్తుంది. మన దేశంలో ఉపరాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులు వేరుగా ఎన్నుకొంటారు. అమెరికాలో అభ్యర్థే తన జోడును ఎంచుకొంటాడు. ఒక్కని ఎంపిక కోట్లమందికి విధి కావచ్చును. అక్కడ తొమ్మిదిమంది ఉపాధ్యక్షులు, అధ్యక్షుని మరణం వల్లనో రాజీనామా వల్లనో, నడిమధ్యన గద్దెనెక్కారు. ట్రూమన్ ఉపాధ్యక్షునిగా ఉన్నది 82 దినాలే. 1945 ఏప్రిల్ 12న రూజ్వెల్టు కన్నుమూశారు. నాలుగు నెలలు నిండకుండానే హిరోషిమా దగ్ధమైనది.

కనుక మిత్రులతో ఇంతే అన్నాను: "మన పిల్ల అని సంతోషిద్దాం, తప్పులేదు. కాని మొదటి కుర్చీ ఖాళీ అయిన నాడు ఈ మనిషి ఆ బరువు మోయగలడా అన్నది ఇంటిపేరు చెప్పదు."

మా పెదనాన్నగారు అరుగు మీద అన్నదీ అదే. నాకు అర్థం కావడానికి ఇన్నేండ్లు పట్టినది.