కూతలో జారిన భుజం

కంచికచర్ల, నందిగామ వైపు సంక్రాంతికి కబడ్డీ లేని ఊరు తక్కువ. కూతకెళ్ళినవాడు పట్టుబడ్డాక నడిగీత అందుకోవాలని చెయ్యి బార్లా చాస్తాడు. ఆ క్షణంలోనే నలుగురు నడుము పట్టి వెనక్కి లాగుతారు. చెయ్యి పైకీ వెనక్కీ మెలిపడి, ఎముక తల గూటిలోంచి ముందుకు జారుతుంది. భుజం నునుపు పోయి కోసుగా తేలుతుంది. ఆటగాడు రెండో చేత్తో ముంజెయ్యి పట్టుకుని కదలకుండా నిలబడిపోతాడు.

దాన్ని తిరిగి ఎక్కించడం పాత విద్యే. చంకలో రోకలి పెట్టి పైకెత్తి, స్వస్తిక కట్టు వేయమంది సుశ్రుత సంహిత. హిప్పోక్రటీస్ పేరున్న పద్ధతిలో రోకలికి బదులు వైద్యుడి మడమ. లాగడం కన్నా తిప్పడం మేలని 1870లో స్విస్ సర్జన్ కోచర్ ఒక క్రమం చెప్పాడు. మనకు పుత్తూరు కట్టుంది: ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు. చెయ్యి తిరిగిన కట్టువాడు భుజం ఎక్కించగలడు, కాదనను. లోపల ఎముక విరిగిందో లేదో మాత్రం చేతికి తెలియదు. అది కంటికి కనపడింది 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే వచ్చాకే.

అసలు చిక్కు వేరు. ఎక్కించిన భుజం మళ్ళీ ఎందుకు జారుతుంది? భుజం గూడు లోతులేని మూకుడు. దాని అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ, లాబ్రమ్, ఊడిపోవడమే కారణమని 1923లో లండన్ సర్జన్ బ్యాంకార్ట్ రాశాడు. ఎముక తల వెనక పడే సొట్టను 1940లో హిల్, సాక్స్ అనే ఎక్స్‌రే వైద్యులు వివరించారు. అంచు అరిగిపోతే పక్కనున్న కొరకాయిడ్ ఎముక ముక్కను తెచ్చి బిగించవచ్చని 1954లో ఫ్రెంచ్ సర్జన్ లాటార్జే చూపించాడు. 1956లో రో అనే సర్జన్ వేసిన లెక్క చూస్తే ఆటగాళ్ళకు గుండె గుభేలుమంటుంది: ఇరవై ఏళ్ళలోపు వాళ్ళలో ఐదుగురిలో నలుగురికి పైగా భుజం మళ్ళీ జారింది. ఇప్పుడు ఎమ్మారైలో చిరుగు చూసి, ఆర్థ్రోస్కోప్‌తో చిన్న రంధ్రాల్లోంచే పట్టీ కుట్టేస్తున్నారు.

2014లో ప్రో కబడ్డీ వచ్చింది, తెలుగు టైటాన్స్ మ్యాట్ పక్కన ఫిజియో కూర్చున్నాడు. ఊరి బరిలో మాత్రం భుజం ఎక్కితే వైద్యం అయిపోయినట్టే. కంచికచర్ల నుంచి హైవే మీద విజయవాడ గంట దారి కూడా లేదు. చేతిని కదలనీయకుండా కట్టి, అక్కడికి తీసుకెళ్ళాలి. భుజం బయటి చర్మానికి స్పర్శ ఉందా, మణికట్టు దగ్గర నాడి కొట్టుకుంటోందా అని లాగడానికి ముందే చూడాలి. నొప్పి తగ్గాక డాక్టరు చేతిని బంతి విసిరే భంగిమలోకి మెల్లగా తెస్తాడు. మళ్ళీ జారే భుజమైతే ఆటగాడి మొహం మారిపోతుంది, చెయ్యి బిగుసుకుపోతుంది. ఈ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. ఆపరేషన్ అయితే మళ్ళీ కూతకెళ్ళడానికి అయిదారు నెలలు పడుతుంది. దసరాకి చేయించుకున్నవాడు ఆ సంక్రాంతికి గట్టు మీద కూర్చోవాల్సిందే. చాలామంది దానికి ఒప్పుకోక, భుజానికి క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని బరిలోకి దిగుతున్నారు.