డకోటా ఎవరి సొత్తు?

తెలుగువారి వాడుకలో ‘డకోటా’ అంటే డొక్కు బండి. ఊగుతూ, పొగ చిమ్ముతూ, ఘాట్ రోడ్డు ఎక్కలేక ఆగిపోయే బస్సును తిట్టుకోవడానికి పుట్టిన మాట అది. ఆ వెక్కిరింపు వెనుక ఒక విమానం ఉందని, స్వతంత్ర భారతదేశపు సరిహద్దుల చరిత్రలో ఆ విమానానికి చోటు ఉందని గుర్తున్నవారు ఇప్పుడు తక్కువ.

2018 మే 4న ఢిల్లీ శివార్లలోని హిండన్ వైమానిక స్థావరంలో ఒక డకోటా భారత వైమానిక దళంలో చేరింది. బ్రిటన్‌లో బాగుచేయించి, ఐరోపా, పశ్చిమాసియాల మీదుగా మజిలీలు చేసుకుంటూ ఎగిరించి తెచ్చిన ఆ విమానానికి ‘పరశురామ’ అని పేరు పెట్టారు. దానిని సొంత ఖర్చుతో బహూకరించినవారు నాటి రాజ్యసభ సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్. ఆయన తండ్రి ఎయిర్ కమడోర్ ఎం.కె. చంద్రశేఖర్ డకోటాలు నడిపిన పైలట్. పాత యుద్ధవిమానాన్ని కొనుక్కోవాలని కలగనే సంపన్నులు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. అమెరికా, బ్రిటన్‌లలో అలాంటివారు స్పిట్‌ఫైర్‌లను, ముస్టాంగ్‌లను కొని, ఆదివారాలు ఆకాశంలో తిప్పి ఆనందిస్తారు. ఈ కల మాత్రం కొనడంతో తీరేది కాదు. కొన్నదానిని ప్రభుత్వం చేతిలో పెడితేనే తీరుతుంది. ఇవ్వడం కొనడంకన్నా కష్టమైంది.

యూపీఏ హయాంలో ఈ ప్రతిపాదనకు ఆమోదం దొరకలేదు. మనోహర్ పారికర్ రక్షణ మంత్రి అయ్యాక దారి సుగమమైంది. 2018 ఫిబ్రవరిలో నాటి వైమానిక దళాధిపతి బీరేందర్ సింగ్ ధనోవా సమక్షంలో దానపత్రం కుదిరింది. ఆ మరుసటి నెలలోనే చంద్రశేఖర్ భాజపా అభ్యర్థిగా మళ్ళీ రాజ్యసభకు ఎన్నికయ్యారు. తొలి తిరస్కరణను వారసత్వం పట్ల నిర్లక్ష్యమని నిందించడం తేలిక. అయితే రక్షణ వ్యవహారాలపై సభలో తరచుగా మాట్లాడే సభ్యుడొకరు సాయుధ దళాలకు విలువైన కానుక ఇవ్వవచ్చునా అన్న శంక కొట్టిపారేయదగింది కాదు. సైన్యం తన జ్ఞాపకాలను తానే కాపాడుకొని ఉంటే ఆ శంకకు తావే ఉండేది కాదు.

‘పరశురామ’ తోక మీద వీపీ 905 అనే సంఖ్య కనిపిస్తుంది. 1947 అక్టోబర్ 27న ఫస్ట్ సిక్కు దళాన్ని శ్రీనగర్‌కు చేర్చిన తొలి డకోటా సంఖ్య అదేనని వైమానిక దళం చెబుతుంది. గిరిజన దాడిదారులు బారాముల్లా దాటితే శ్రీనగర్ విమానాశ్రయం నిలవదు. అది పోతే దళాలు దిగేందుకు నేల ఉండదు. మహారాజా హరిసింగ్ సంతకం చేసిన మరునాటి ఉదయమే విమానాలు లేచాయి. దళాన్ని నడిపించిన లెఫ్టినెంట్ కర్నల్ దేవాన్ రంజిత్ రాయ్ ఆ రోజే బారాముల్లా వద్ద పోరులో మరణించారు. మరుసటి ఏడాది మే 24న ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకొని లేహ్‌లో డకోటాను దించారు. పదివేల అడుగులకు మించిన ఎత్తులో, ఇంజనీరు సోనమ్ నోర్బు స్థానికుల శ్రమతో సిద్ధం చేయించిన మట్టి నేల అది. ఆ కొండల మీదుగా ఎగరడానికి తగిన పటాలు గాని, సాధనాలు గాని వారి వద్ద లేవు. కశ్మీర్ మీద జరిగే నేటి వాగ్వాదాల్లో ఒప్పందాలు, తీర్మానాలు, నాయకుల ఉత్తరాలు వినిపిస్తాయి. రెండు ఇంజన్ల రవాణా విమానం ఒకటి లేకుంటే ఆ కాగితాలకు ఏ విలువ మిగిలేదో ఎవరూ అడగరు.

ఇక్కడే ఒక తగవు ఉంది. శ్రీనగర్‌లో మొట్టమొదట దిగిన డకోటాను నడిపింది బిజూ పట్నాయకేనని ఒడిశాలో తరాలుగా చెప్పుకుంటారు. ఆ రోజుల్లో వైమానిక దళ విమానాలు చాలక పౌర విమాన సంస్థల డకోటాలను కూడా రంగంలోకి దించారన్నది నిజం. దళం తన సంఖ్యను తాను చెబుతుంది, ఒడిశా తన నాయకుని పేరు చెబుతుంది. ఎవరు ముందు దిగారన్న పోటీలో, ఆ ఉదయం దళానికీ పౌర సంస్థలకూ మధ్య గీత ఎంత సన్నగా ఉండేదో మరుగున పడిపోతోంది.

బిజూ పట్నాయక్ నిజంగా డకోటాల యజమాని. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగులు డకోటాలు చవకగా అమ్ముడుపోయాయి. అమెరికా పదివేలకు పైగా తయారుచేసిన విమానం మరి! యుద్ధకాలంలో రాయల్ ఇండియన్ ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌గా ఉంటూ రహస్యంగా స్వాతంత్ర్యోద్యమ నాయకులకు సాయపడి జైలుకు వెళ్లిన ఆయన, 1947లో కళింగ ఎయిర్‌లైన్స్ స్థాపించారు. ఆ జూలైలోనే నెహ్రూ కోరికపై, డచ్చివారి బెదిరింపులను లెక్కచేయక జావాకు వెళ్లి ఇండోనేషియా నాయకుడు సుతాన్ సజహ్రీర్‌ను ఢిల్లీకి చేర్చారు. స్వాతంత్ర్యం ఇంకా చేతికి రాని దేశం, ఇంకొక దేశపు స్వాతంత్ర్యానికి ఇలా ఒక ప్రైవేటు విమానం మీద అండగా నిలిచింది. తరువాత ఇండోనేషియా ఆయనను భూమిపుత్రునిగా గౌరవించింది.

హైదరాబాదుకూ ఈ కథలో వాటా ఉంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలనే నడిపింది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ సాహసి, లాంకాస్టర్ బాంబర్ల నుంచి రూపుదిద్దిన లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి ఆయుధాలు నింపుకొని బీదర్, వరంగల్ విమానాశ్రయాల్లో దించాడు. చివరికి లండన్ న్యాయస్థానం అతనికి వేసిన జరిమానా 200 పౌండ్లు. ఒకే యుద్ధపు మిగులు యంత్రాలు కశ్మీర్‌లో ఒక పక్షానికి, హైదరాబాదులో ఎదుటి పక్షానికి పనిచేశాయి. 1953 జాతీయీకరణలో దక్కన్, కళింగ రెండూ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి.

ఈ చరిత్రను దేశం ఎలా దాచుకుందో చూడాలంటే కాన్పూర్ ముచ్చట చాలు. బ్రిటిష్ వైమానిక దళం వెళ్లిపోతూ, మళ్ళీ ఎగరకుండా దెబ్బతీసి అక్కడ వదిలిన లిబరేటర్ బాంబర్లను హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సిబ్బంది ఒకదాని భాగాలు ఒకదానికి తగిలిస్తూ సుమారు 40 వరకు బతికించారు. 1968 దాకా అవి సేవలందించాయి. ఆ తరువాత వాటిలో కొన్ని లండన్, అరిజోనా, ఒట్టావా మ్యూజియాలకు చేరాయి. ప్రపంచంలో మిగిలిన కొద్దిపాటి లిబరేటర్లలో గణనీయమైన భాగం భారతదేశం నుంచి వెళ్లినవే. పరదేశీయులు అపురూపంగా చూసుకునే ఆ యంత్రాలను నిలబెట్టింది భారతీయ మెకానిక్కులని అక్కడి సందర్శకుల్లో ఎందరికి తెలుసు?

డకోటాలదీ దాదాపు ఇదే గతి. 1980ల చివరి దాకా ఎగిరిన విమానాల్లో ఎగరగల స్థితిలో ఒక్కటీ మిగలలేదు. అందుకే ‘పరశురామ’ను బ్రిటన్‌లో బాగుచేయించవలసి వచ్చింది. అది 1947లో శ్రీనగర్‌లో దిగిన విమానం కాదు, ఆ సంఖ్యను ధరించిన వేరొకటి. వేడుకల ప్రకటనల్లో ఈ మాట చిన్న అక్షరాల్లో కూడా కనిపించదు. బిజూ డకోటాలలో ఒకటి కోల్‌కతా విమానాశ్రయంలో దశాబ్దాల పాటు ఎండకు ఎండి వానకు తడిసింది. 2023 జనవరిలో దాన్ని విడదీసి, లారీల్లో భువనేశ్వర్‌కు తెచ్చారు. ఆ ఏడాది మార్చి 5న, బిజూ జయంతినాడు, ఆయన పేరే ఉన్న విమానాశ్రయం వద్ద అప్పటి ముఖ్యమంత్రి, ఆయన కుమారుడు నవీన్ పట్నాయక్ దాన్ని ఆవిష్కరించారు. ఒక కుమారుడు తండ్రి నడిపిన విమానం లాంటిదాన్ని కొని తెచ్చాడు, ఇంకొక కుమారుడు తండ్రి సొంత విమానాన్నే రోడ్డు మీద తెప్పించుకున్నాడు.

2021 జనవరి 26న రాజ్‌పథ్ మీదుగా రెండు ఎంఐ-17 హెలికాప్టర్ల నడుమ ‘పరశురామ’ నిదానంగా ఎగిరింది. 1971 యుద్ధానికి యాభై ఏళ్లన్న వ్యాఖ్యానం మధ్యలో ఒక్క క్షణం ఆ రెండు పాత ఇంజన్ల మోత వినిపించింది. వెనువెంటనే వచ్చిన జెట్ల హోరులో అది కలిసిపోయింది.